నిర్మల్ ఘాట్‌లో రెండో గేరా, మూడో గేరా?

హనుమకొండ నుంచి నిర్మల్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది కుంటాల జలపాతం చూడడానికో, కొయ్యబొమ్మలు కొనడానికో వెళ్తారు. మేం వెళ్లింది మలుపుల కోసం. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వైపు పాత రోడ్డులో వచ్చే మహబూబ్ ఘాట్‌లో ఒకదాని వెనుక ఒకటిగా మలుపులుంటాయి. నాలుగు వరుసల 44వ నంబరు జాతీయ రహదారి వచ్చాక లారీలు అటు మళ్లాయి. తెల్లవారుజామున వెళ్తే ఘాట్‌లో కోతులు తప్ప పెద్దగా ఎవరూ ఎదురుపడరు.

నాది ఐదు గేర్ల పాత స్విఫ్ట్, టర్బో (ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టి బలం పెంచే పరికరం) లేని పెట్రోలు ఇంజిన్. మా బావమరిదిది ఆరు గేర్ల ఐ20 ఎన్ లైన్. 998 సీసీ టర్బో, 120 పీఎస్ శక్తి. రెండింటికీ ఇంజిన్ బలం వెళ్లేది ముందు చక్రాలకే.

దారి గురించి క్లుప్తంగా చెప్తాను. మేం వెళ్లినప్పుడు కరీంనగర్ వరకు విస్తరణ పనులు, మట్టి మళ్లింపులు; అక్కడ ఓపిక ఒక్కటే గేరు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరేసరికి చుట్టూ పేర్చినట్టున్న రాతి గుట్టలు కనిపిస్తాయి. టీ కోసం ఆగడానికి అంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ వచ్చేసినట్టే.

నిర్మల్‌లో బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్లు మాత్రం పొద్దున కాసేపే వస్తాయి, ఆ సంగతి ముందు చెప్పరు. పార్కింగ్‌కు దిగే ర్యాంపు ఎంత ఇరుకంటే ఐ20 అద్దాలు ముడిచి దింపాల్సి వచ్చింది. కారులో వెళ్లేవాళ్లు రహదారి పక్కనున్న హోటళ్లు చూసుకోవడం మేలు. అద్దె కొంచెం ఎక్కువైనా ఆవరణ విశాలంగా ఉంటుంది. భోజనానికి మాత్రం ఊళ్లోకే రండి. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చి ఉల్లిపాయతో ఆ రాత్రి తిన్న భోజనం ముందు కరీంనగర్ బిర్యానీ దిగదుడుపే.

ఇక ఘాట్. ముందు చక్రాలతో నడిచే బండిలో దారి తిప్పేదీ ఆ రెండు టైర్లే, బండిని లాగేదీ ఆ రెండు టైర్లే. వాటికున్న పట్టు ఎంతో అంతే. లాగడానికి ఎక్కువ వాడుకుంటే తిప్పడానికి తక్కువ మిగులుతుంది. మలుపులో ఏ గేరులో ఉన్నామన్నది ఈ వాటాను తేలుస్తుంది. నా స్విఫ్ట్ లాంటి చిన్న కార్లలో రెండో గేరు నిష్పత్తి (గేర్‌బాక్సు నుంచి బయటికొచ్చే ఇరుసు ఒక్క చుట్టుకు ఇంజిన్ తిరిగే చుట్లు) 1.9 దగ్గర, మూడోది 1.3 దగ్గర ఉంటుంది. అంటే ఇంజిన్ ఇచ్చే బలం అంతే అయినా, రెండో గేరులో చక్రం దాకా చేరేది మూడో గేరు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో రెండో గేరులో ఇంజిన్ 2,900 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉంటే, మూడో గేరులో 1,900 దగ్గరికి పడిపోతుంది.

ఎక్కుడు మలుపులో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. స్విఫ్ట్ మూడో గేరులో ఉంటే యాక్సిలరేటర్ తొక్కినా మూలుగే తప్ప కదలిక లేదు. స్టీరింగ్ తిప్పిన మేరకు తిరుగుతుంది, అంతకుమించి కుడికాలితో బండిని సరిదిద్దే వీలుండదు. రెండో గేరులో పెడితే అదే మలుపులో బండి ప్రాణం పోసుకుంది. కాలు కొంచెం ఎత్తితే ఇంజిన్ వెనక్కి పట్టి, బరువు ముందు టైర్ల మీదికి వచ్చి, ముక్కు మలుపు లోపలికి ఒదిగింది. మళ్లీ తొక్కితే బయటికి జరిగింది. స్టీరింగ్ కదపకుండానే కాలితో దారి దిద్దుకోవచ్చు. ఘాట్ రోడ్డులో మాన్యువల్ బండి ఇచ్చే ఆనందమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఐ20లో కథ తిరగబడింది. దాని 172 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) 1,500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది కాబట్టి మూడో గేరే సరిపోయింది. రెండో గేరులో, మలుపు మధ్యలో తొక్కితే టర్బో ఒక్క క్షణం ఆలోచించి, తర్వాత మొత్తం బలం ఒకేసారి ఇచ్చింది. మలుపులో బరువు తగ్గి తేలికగా ఉన్న లోపలి చక్రం జారింది, ముక్కు రోడ్డు అంచు వైపు నెట్టుకుపోయింది. ‘బావా, నీకు చాలని గేరు నాకు ఎక్కువవుతోంది’ అన్నాడు మా బావమరిది. సరిగ్గా చెప్పాడు.

దిగుడులో రెండు బండ్లకూ రెండో గేరే. ఇంజిన్ పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాగిపోవు. అయితే గేరు తగ్గించే పని మలుపుకు ముందు, తిన్నని రోడ్డు మీదే అయిపోవాలి. మలుపు మధ్యలో మూడు నుంచి రెండుకు మార్చి క్లచ్‌ను ఠక్కున వదిలితే ముందు చక్రాలు ఒక్కసారిగా నెమ్మదిస్తాయి, వెనుక భాగం తేలికైపోతుంది. ఈ ఘాట్‌లో రోడ్డు పక్కన మంచుకు తడిసిన టేకు ఆకులుంటాయి, వాటి మీద ఆ కుదుపు ప్రమాదం. బ్రేకు మీద పాదం ఉండగానే దాని అంచుతో యాక్సిలరేటర్‌ను తట్టి, ఇంజిన్ వేగం పెంచి క్లచ్ వదిలితే గేరు మారిందన్న సంగతే బండికి తెలియదు. ఇది చెప్పులతో కుదరదు, పలుచని అడుగున్న బూట్లు కావాలి.

ఆరు గేర్లు ఉన్నాయంటే మలుపుల్లో మేలని చాలామంది అనుకుంటారు. ఆరోది మైలేజీ కోసం పెట్టిందైతే రెండుకూ మూడుకూ మధ్య ఎడం అలాగే ఉండిపోతుంది. కొనేటప్పుడు గేర్లెన్ని అని కాదు, ఆ ఎడం ఎంతని చూడాలి. అలంకారానికి పెద్ద టైర్లు వేయించేవాళ్లకు ఇంకో మాట: టైరు చుట్టుకొలత నూటికి మూడు పెరిగితే గేర్లన్నీ అంత మేరకు బరువెక్కుతాయి, అంటే చక్రం దగ్గర లాగే బలం తగ్గుతుంది. రెండో గేరులోని చురుకుదనమే ముందు పోతుంది.

దారిలో ఒక బంకులో గాలి పట్టిన కుర్రవాడు, గాలి ఎంతుండాలో రాసిన తలుపు దగ్గరి స్టిక్కరు చూపించినా వినకుండా, ‘హైవేకు ఇంతుండాలి సార్’ అని టైర్లు ఉబ్బేలా నింపాడు. ఘాట్‌లో మొదటి మలుపులోనే స్టీరింగ్ మొద్దుబారినట్టు తెలిసింది. దిగాక నిర్మల్‌లో ఒక అలైన్‌మెంట్ దుకాణంలో సరిచేయించాం. అతను టైరు చల్లబడేదాకా ఆగమన్నాడు, తర్వాతే కొలిచాడు. అలాంటి పనివాడు దొరికితే అడిగినంత ఇచ్చేయవచ్చు.

కుంటాల గురించి అందరికీ తెలిసిందే. కడెం వాగు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. మెట్లు దిగడం సులువే, ఎక్కేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి. నీళ్లలోకి దిగకండి, రాళ్ల మధ్య లోతు పైకి తెలియదు. వానాకాలం ముగిసిన వెంటనే వెళ్తే ధార నిండుగా ఉంటుంది, ఘాట్ రోడ్డూ ఆరిపోయి ఉంటుంది.

తిరుగు ప్రయాణం ఖానాపూర్, జన్నారం మీదుగా. జన్నారంలో చెట్ల నడుమ బస మొత్తం యాత్రలో ఉత్తమమైనది. రాత్రి తొమ్మిదికల్లా నిశ్శబ్దం, పొద్దున నెమళ్ల అరుపులు. కుటుంబంతో వెళ్తే నిర్మల్ గది మానుకుని ఇక్కడే రెండు రాత్రులు ఉండవచ్చు. ఇది కవ్వాల్ పులుల అభయారణ్యం కాబట్టి గేర్ల పరీక్షలు ఇక్కడ పెట్టుకోకండి. మూడో గేరులో, కిటికీలు దింపుకుని, నెమ్మదిగా వెళ్లండి. జింకలు రోడ్డు దాటుతుంటాయి. పెట్రోలు ఖానాపూర్‌లోనే నింపుకోండి.