క్యూపీసీఆరా, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగా? ముందు ఆ ఆర్‌ఎన్‌ఏ ఎవరిదో చూసుకోండి

ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు ప్రాజెక్టు రాసుకునే రోజులొచ్చాయంటే నన్ను అడిగేది ఇదే: ఇన్ఫెక్షన్‌లో జీన్ ఎక్స్‌ప్రెషన్ (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో, దాని ఆర్‌ఎన్‌ఏని కొలిచి) చూడాలి, ఎంచుకున్న కొన్ని జీన్లనే కొలిచే క్యూపీసీఆర్ సరిపోతుందా, ఉన్న ఆర్‌ఎన్‌ఏ అంతా చదివే సీక్వెన్సింగ్ చేయించాలా? అడిగిన వెంటనే ఖర్చు మాట ఎత్తుతారు. ఖర్చు ముఖ్యమే, కాదనను. కానీ నేను ముందు చూసేది వేరు. మీ ట్యూబులో ఉన్న ఆర్‌ఎన్‌ఏ ఎవరిది? సూక్ష్మజీవిదా, పేషెంటుదా, పేషెంటుదే అయితే మొదట్నుంచీ అక్కడున్న కణాలదా, గాయం అయ్యాక పరిగెత్తుకొచ్చిన కణాలదా?

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) ఇన్ఫెక్షన్‌నే తీసుకోండి. పొలంలో వరి ఆకు కంటికి గీసుకుంటుంది, ఆ గీతలోంచి ఫ్యుజేరియమో ఆస్పర్‌జిల్లసో, ఏదో ఒక ఫంగస్ లోపలికి దిగుతుంది, పుండు ముదిరాక మనిషి హైదరాబాద్ ఆస్పత్రికి వస్తాడు. డాక్టరు గీకి తీసిన దాంట్లో స్మియర్‌కీ కల్చర్‌కీ పోగా మిగిలిందే మనకి, అందులో వచ్చే ఆర్‌ఎన్‌ఏ నానోగ్రాముల్లో ఉంటుంది. ఫంగస్ అయితే కొంత నయం, దాని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకి (జీన్ పనిచేసినప్పుడు తయారయ్యే నకలు) కూడా మనలాగే పాలీ-ఏ తోక (చివర వరసగా ఉండే ‘ఏ’ అక్షరాలు) ఉంటుంది కాబట్టి ఒకే లైబ్రరీలో (సీక్వెన్సింగ్‌కి సిద్ధం చేసిన శాంపిల్) ఇద్దరూ దొరుకుతారు. అదే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా అయితే? బ్యాక్టీరియా మెసెంజర్లలో చాలావాటికి పట్టుకోవడానికి పనికొచ్చే తోక ఉండదు. పాలీ-ఏ కిట్‌తో లైబ్రరీ చేయిస్తే బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ దాదాపు మొత్తం వాష్‌లోనే పోతుంది, వచ్చిన కోట్ల రీడ్లూ (మెషీన్ చదివిన ముక్కలు) మనిషివే. తోకని పట్టే బదులు, ఇద్దరిలోనూ ఎక్కువగా ఉండే రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏని తీసేసే కిట్ కావాలని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. అలా చేసినా, మనిషి కణం ఒక్కోదాంట్లో సుమారు 10-20 పికోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ ఉంటే బ్యాక్టీరియాలో 0.1 దరిదాపుల్లో ఉంటుంది, అందుకే సూక్ష్మజీవి జీన్లను వెతకడమంటే జాతరలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకడమే.

క్యూపీసీఆర్ బలం సరిగ్గా ఇక్కడే. ప్రైమర్ (జీన్‌ని గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) ఆ సూక్ష్మజీవికే సరిపోయేలా ఉంటే, చుట్టూ ఎంత మనిషి ఆర్‌ఎన్‌ఏ ఉన్నా మీకు కావలసిన ఆ రెండు మూడు జీన్లు పట్టుబడతాయి. దాని చిక్కంతా రెఫరెన్స్ జీన్‌తో, అంటే మారదనుకుని మిగతావాటిని పోల్చి చూసే జీన్‌తో. అందరూ అలవాటుగా వాడే గ్యాప్‌డీహెచ్ గ్లైకాలిసిస్ జీన్, వాపు వచ్చిన చోట, ఆక్సిజన్ తగ్గిన చోట అదే పెరుగుతుంది. బీటా-యాక్టిన్ సంగతీ అంతే, గాయం మానడానికి కణాలు కదులుతున్నప్పుడు అదీ మారొచ్చు. రెఫరెన్స్ ఒక్క సీటీ (సిగ్నల్ కనపడటానికి పట్టిన సైకిళ్ల లెక్క) పక్కకి జరిగిందంటే మీ జీన్ ఏమీ మారకపోయినా రెట్టింపు అయినట్టో సగమైనట్టో లెక్క వస్తుంది. క్యూపీసీఆర్ కోసం 2009లో వచ్చిన ఎంఐక్యూఈ మార్గదర్శకాలు రెఫరెన్స్‌ని ముందు పరీక్షించుకోమని స్పష్టంగా చెప్పాయి, అయినా ఇప్పటికీ ఒక్క గ్యాప్‌డీహెచ్‌తో వచ్చే థీసిస్‌లు చూస్తే నాకు బాధేస్తుంది.

గాయపడిన కణజాలంలో ఇంకో చిక్కు ఉంది. ఎస్100ఏ8 అనే జీన్ వంద రెట్లు పెరిగిందని గ్రాఫ్ వస్తుంది. ఏ కణమూ దాన్ని కొత్తగా ఎక్కువ తయారు చేయకపోయినా అలా రావొచ్చు, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి చేరాయి, అవి ఆ జీన్ ఆర్‌ఎన్‌ఏని ముందే మోసుకొచ్చాయి, అంతే. ఐదు జీన్ల క్యూపీసీఆర్‌లో ఈ తేడా మీకు తెలిసే దారి లేదు. సీక్వెన్సింగ్‌లో న్యూట్రోఫిల్ జీన్లన్నీ కలిసి ఒకేసారి లేవడం కంటికి కనిపిస్తుంది, ఏ రకం కణాలు ఎంత పాళ్లలో ఉన్నాయో అంచనా కట్టొచ్చు. గాయం, ఇన్ఫెక్షన్ కలిసిన పనికి నేను సీక్వెన్సింగ్ వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

శాంపిల్ ప్రయాణం మాత్రం రెండిటికీ సమానంగా వర్తిస్తుంది. బ్యాక్టీరియా మెసెంజర్లలో చాలావాటి అర్ధాయువు కొన్ని నిమిషాలే. బంజారాహిల్స్‌లో తీసిన శాంపిల్ సాయంత్రం ట్రాఫిక్‌లో హబ్సిగూడ ల్యాబ్‌కి చేరేసరికి అందులో మిగిలేది కంటిలోని ఎక్స్‌ప్రెషన్ కాదు, ఐస్‌బాక్స్‌లోని ఎక్స్‌ప్రెషన్, ఎందుకంటే చల్లదనానికి కూడా బ్యాక్టీరియా స్పందించి కోల్డ్-షాక్ జీన్లు లేపుతుంది. శాంపిల్‌ని ట్రైజాల్ ద్రావణంలోనో ఆర్‌ఎన్‌ఏ స్టెబిలైజర్‌లోనో అక్కడికక్కడే వేసేయాలి. ఇది కుదరకపోతే సూక్ష్మజీవి ఎక్స్‌ప్రెషన్ గురించి ఏ పద్ధతితోనూ మాట్లాడొద్దు.

డబ్బు సీక్వెన్సింగ్ లోతు (ఒక్కో శాంపిల్‌కి ఎన్ని రీడ్లు) మీద పెట్టాలా, పేషెంట్ల సంఖ్య మీదా అంటే మనిషి వైపు ప్రశ్నకి నేను సంఖ్యే అంటాను. 2016లో ఈస్ట్ మీద 48 రెప్లికేట్లతో (ఒకే రకం శాంపిల్‌ని విడివిడిగా మళ్లీ మళ్లీ చేయడం) చేసిన పరీక్షలో, మూడేసి రెప్లికేట్లు తీసుకుంటే చాలా సాఫ్ట్‌వేర్లు నిజంగా మారిన జీన్లలో 20-40 శాతమే పట్టాయి, కనీసం ఆరు ఉండాలని వాళ్లు తేల్చారు. ఈస్ట్‌కే ఆరైతే, తలా ఒక రోజున ఆస్పత్రికి వచ్చే మనుషులకి ఎన్ని కావాలో ఆలోచించండి. డేటా వచ్చాక కూడా జాగ్రత్త తప్పదు. కాలిన గాయాల్లో, ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం ప్రభావంలో ఎలుక జీన్ల స్పందన మనిషిని పోలడం లేదని 2013లో ఒక బృందం రాస్తే, మరుసటి ఏడాది ఇంకో బృందం అదే డేటాను వేరేగా లెక్కగట్టి, బాగానే పోలుతోందని రాసింది.

జీన్లని చిప్ మీద కొలిచే పాత పద్ధతి మైక్రోఅర్రే కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు, పాత డేటా జీఈఓ అనే పబ్లిక్ డేటాబేస్‌లో ఉచితంగా ఉంది, వాడుకోండి. ఒక్కో కణాన్నీ విడిగా చదివే సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ ఆకర్షణీయమే, కానీ న్యూట్రోఫిల్స్‌లో ఆర్‌ఎన్‌ఏ తక్కువ, మామూలు ఫిల్టర్లలో రాలిపోతాయి, పైగా మామూలు కిట్లు పాలీ-ఏ మీదే నడుస్తాయి కాబట్టి బ్యాక్టీరియా కనపడదు.

నా ల్యాబ్‌కి వచ్చే పిల్లలకి నేను చెప్పే వరస ఇది. ఇన్ఫెక్షన్ బ్యాక్టీరియాదైతే ముందు క్యూపీసీఆర్‌తో దాని 16ఎస్ సీటీ ఎంత, మనిషి జీన్ సీటీ ఎంత చూడండి. 16ఎస్ అంటే బ్యాక్టీరియాలో విపరీతంగా ఉండే రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ, అది కూడా ఆలస్యంగా వస్తోందంటే మెసెంజర్లు దొరుకుతాయన్న ఆశ వదిలేయండి, మనిషి వైపు మాత్రమే పాలీ-ఏ లైబ్రరీలు చేయించి, మిగిలిన డబ్బుతో ఇంకో ఇద్దరు ముగ్గురు పేషెంట్లని కలుపుకోండి. అది తొందరగా వస్తుంటే రైబో తీసేసిన లైబ్రరీలకి వెళ్లండి, వచ్చిన జీన్లని కొత్త పేషెంట్ల శాంపిళ్లలో క్యూపీసీఆర్‌తో సరిచూడండి, సీక్వెన్స్ చేసిన ఆర్‌ఎన్‌ఏలోనే మళ్లీ చూస్తే మెషీన్‌ని పరీక్షించినట్టే అవుతుంది. మీ ప్రశ్న ఒకే ఒక్క టాక్సిన్ జీన్ గురించైతే మాత్రం సీక్వెన్సింగ్ జోలికే పోకండి.