నిమ్మలకుంట తోలు లాంతరు: కొనదలచినవారి కోసం

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు హాలులో అడుగుపెట్టగానే తలెత్తి చూస్తారు. పైకప్పు నుంచి వేలాడే తోలు లాంతరు వాళ్లను ఆపేస్తుంది. ఎక్కడ కొన్నారు, ఎంతయింది, తోలు కదా, పాడవదా అని అడుగుతారు. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉండే ఇల్లు మాది కాబట్టి ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర బాగా అనుభవంతో కూడిన సమాధానం ఉంది.

కొన్నది నిమ్మలకుంటలో. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరి ఊరు. పెళ్లి చీరల కోసం ధర్మవరం వెళ్లేవాళ్లలో ఎంతమంది అటు వెళ్లకుండానే రైలెక్కేస్తారో! తరతరాలుగా తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆట ఆడించుకునే ఊళ్లు తగ్గిపోయాక అదే తోలు, అదే రంగు, అదే చేయి లాంతర్ల వైపు మళ్లాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నేను కొన్నది మరో ఇంట్లో. అడుగున్నర ఎత్తు, కడవ ఆకారం, చుట్టూ తీగలు, నాలుగు నెమళ్లు. 3,800 రూపాయలు తీసుకున్నారు. నేను బేరమాడలేదు. ఆ పని కళ్లారా చూశాక ఆడబుద్ధి కాలేదు.

అలంకరణ దీపాలు బజారులో కోకొల్లలు. ఇత్తడివి, గాజువి, వెదురువి, కాగితంవి అన్నీ బాగానే ఉంటాయి. కొన్నాళ్లకు మాత్రం వాటి వైపు చూపు పోదు. తోలు లాంతరు విషయంలో అలా జరగలేదు. కారణం ఆ కళ పుట్టిన తీరులోనే ఉందని నా నమ్మకం. ఒడిశా వాళ్ల తోలుబొమ్మలాట రావణఛాయలో బొమ్మకు రంగులుండవు, తెర మీద నల్లని నీడే పడుతుంది. మన తోలుబొమ్మకు రెండు వైపులా రంగు వేస్తారు. అందుకే మన తెర మీద పడే నీడకు కూడా రంగుంటుంది. అంటే ఈ చిత్రకారులు మొదటినుంచీ వెనక దీపం ఉంటుందన్న లెక్కతోనే రంగు వేస్తూ వచ్చారు. ఏ ఎరుపు వెలుగు పడితే నిప్పులా అవుతుందో, ఏ ఆకుపచ్చ మసకబారుతుందో, నల్ల గీత ఎంత మందంగా ఉంటే బొమ్మ విడిపోకుండా నిలుస్తుందో వాళ్ల చేతికి తెలుసు. తక్కిన దీపాలలో బల్బు తర్వాత వచ్చి చేరినది. ఇందులో వెలుగు కోసమే బొమ్మ పుట్టింది.

ఆ ఇంట్లో ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని బొమ్మకు చిల్లులు కొడుతుంటే చాలాసేపు చూశాను. కింద చెక్క దిమ్మ, దాని మీద తోలు, చేతిలో సన్నని ఉలి. ఒక ఉలి మొన గుండ్రం, ఇంకొకటి అర్ధచంద్రం, మరొకటి మొగ్గలా. ఉలి నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ, జొన్నగింజంత తోలు ముక్క కింద రాలుతుంది. మళ్లీ పక్కన మరొకటి. "గీత గీసుకోరా అమ్మా?" అని అడిగితే, "హారానికి గీతెందుకమ్మా" అన్నారు ఆవిడ, తల ఎత్తకుండానే. బొమ్మ ఒంటి మీద నగలన్నీ ఆ చిల్లులే. మా లాంతరు అంచుల్లోనూ అవే వరుసలున్నాయి. దీపం వేస్తే చిల్లుల గుండా వచ్చే వెలుగుకు రంగు అంటదు కాబట్టి ఎర్రటి తీగ పక్కన తెల్లటి చుక్కలు ముత్యాల పేరులా మెరుస్తాయి.

వాడేది మేక తోలు. చెప్పులకు, సంచులకు పదును చేసే తోలు లాంటిది కాదు. వెంట్రుకలు తీసి, శుభ్రంగా గీకి, సాగదీసి ఆరబెడితే వెలుగు దూరేంత పలుచగా తయారవుతుంది. లాంతరుకైతే తడి తోలును ఇనుప తీగల చట్రం మీద బిగించి కుడతారు, ఆరేకొద్దీ అది బిర్రుగా పట్టుకుంటుంది. మేక వెన్ను భాగం మందం, పొట్ట భాగం పలుచన. అందుకని ఒకే నెమలి మెడ దగ్గర తేనె రంగులోనూ తోక దగ్గర ముదురుగానూ కనిపిస్తుంది. పట్టి చూస్తే వెంట్రుకల గుంటలు కూడా కనిపిస్తాయి. నాకు వాటిని చూడటం ఎంతో ఇష్టం.

ఇక లోపాలు. అనంతపురం ప్రాంతపు పొడి గాలిలో బిగిసిన తోలు సముద్రపు తేమలోకి వస్తే కొంచెం వదులవుతుంది. వానాకాలంలో మా లాంతరు ఒక పక్క మెత్తబడుతుంది, దగ్గరికి వెళితే పచ్చి తోలు వాసన సన్నగా వస్తుంది. ఎండలు రాగానే మళ్లీ బిగుస్తుంది. తడిగుడ్డ అస్సలు తగలనివ్వకండి, రంగు లేచిపోతుంది. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. వంటగదికి దగ్గరగా కట్టవద్దు, పోపు జిడ్డు పట్టిన తోలు మళ్లీ తేటపడదు. నేరుగా ఎండ తగిలే కిటికీ పక్క కూడా వద్దు, ఎరుపు వెలిసిపోతుంది.

బల్బు విషయంలో పట్టింపుగా ఉండాలి. పాతకాలపు వేడి బల్బు తోలును ఎండబెట్టి పెళుసు చేస్తుంది. 7 వాట్ల ఎల్‌ఈడీ, అదీ పసుపు ఛాయది, పెట్టె మీద 2700 అని రాసి ఉండేది తీసుకోండి. తెల్లటి బల్బు పెడితే తేనె రంగు పోయి తోలు పాలిపోయినట్టు కనిపిస్తుంది, ఇంత పనీ వృథా. లాంతరుతో ఇచ్చిన కొక్కెం నాసిరకంది, దాన్ని తీసేసి ఎలక్ట్రీషియన్ చేత గట్టిది వేయించాను. చదువుకోవడానికి ఈ వెలుతురు చాలదు, దానికి వేరే దీపం ఉండాల్సిందే.

మా అత్తగారు మొదట్లో "దేవుడి గది వైపు తోలు వద్దమ్మా" అన్నారు. ఆ మాట గౌరవించి హాలులో రెండో చివర కట్టాం. మీ ఇంట్లో పెద్దవాళ్లకు పట్టింపులుంటే ముందే అడగండి, కొన్నాక గొడవ పడటం కంటే అది నయం.

బజారులో ప్లాస్టిక్ రేకు మీద ఇవే బొమ్మలు అచ్చేసి తోలు లాంతరని అమ్ముతున్నారు. ఒక దుకాణంలో నాకూ అంటగట్టబోయారు. బొమ్మ అంతటా ఒకే మందం, గీత ఎక్కడా చెయ్యి వణకని సూటిదనం, వెంట్రుకల గుంటలు లేని నున్నదనం కనిపిస్తే అది మేక తోలు కాదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది, ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షిల్లో అడిగితే అసలువి దొరుకుతాయి. వీలైతే నిమ్మలకుంటకే వెళ్లండి. అక్కడ ఇష్టమైన బొమ్మ చెప్పి రాయించుకోవచ్చు. అమ్మాయి కొత్తింటికి నేను ఈసారి నెమళ్లు కాకుండా హనుమంతుడిని అడగబోతున్నాను, రెండడుగుల లాంతరు మీద, తోక చుట్టూ తిరిగి వచ్చేలా.