ఒంటారియో పచ్చికలో వెడల్పాకు కలుపు: ఏ మందు మేలు?

మే నెలలో డాండిలయన్ అనే కలుపు మొక్క పూలతో ఇంటి ముందు పచ్చిక పసుపుబారగానే కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, బ్రాంప్టన్, మిస్సిసాగా నగరాల్లోని మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: 2,4-డి బదులు ఏది కొట్టాలి? వరిలో వెడల్పాకు కలుపుకు ఆ మందు కొట్టడం చూస్తూ పెరిగినవారికి ఇక్కడ దాన్ని వాడకూడదంటే వింతగానే తోస్తుంది. కానీ 2009 ఏప్రిల్ 22 నుంచి ఒంటారియోలో కేవలం అందం కోసం ఇంటి పచ్చికపై 2,4-డి, మెకోప్రాప్, డైకాంబా అనే కలుపు మందులు చల్లడం నిషిద్ధం. మిగిలినవాటిలో ముఖ్యమైనవి మూడు: ఎసిటిక్ ఆమ్లం, మొక్కజొన్న గ్లూటెన్ (మొక్కజొన్న నుంచి పిండి తీశాక మిగిలే ప్రొటీన్ పొడి), ఫియెస్టా పేరుతో అమ్మే ఇనుప చీలేటు (మొక్క సులువుగా పీల్చుకునే రూపంలోని ఇనుము).

ఎసిటిక్ ఆమ్లం, అంటే ఘాటైన వినిగర్, గడ్డికీ కలుపుకూ తేడా చూడదు. తగిలిన ఆకునల్లా మాడ్చి వేరును వదిలేస్తుంది. నడకదారి రాళ్ల సందుల్లో మొలిచినవాటికి సరిపోతుంది, పచ్చిక మధ్యకు పనికిరాదు.

మొక్కజొన్న గ్లూటెన్‌కున్న, కలుపును ఆపే గుణాన్ని అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో కనుగొన్నారు. మొలకెత్తుతున్న విత్తనానికి వేరు సరిగా పట్టకుండా చేయడం దీని పని కాబట్టి, ఇప్పటికే తల్లివేరు దించుకున్న డాండిలయన్‌ను ఇది ఏమీ చేయలేదు. పైగా అందులో నత్రజని సుమారు 10 శాతం ఉండటంతో, ఆలస్యంగా చల్లితే ముదిరిన కలుపుకు కూడా మనమే ఎరువు వేసినట్లవుతుంది. వంద చదరపు మీటర్లకు దాదాపు 10 కిలోలు కావాలి. ఖర్చు మీరే లెక్క వేసుకోవచ్చు.

నా దృష్టిలో అసలు తేల్చవలసింది కలుపు ఎంత త్వరగా చస్తుందన్నది కాదు, అది చచ్చిన చోట ఏది మొలుస్తుందన్నది. ఖాళీ నేల ఉంటే గాలికి కొట్టుకొచ్చే డాండిలయన్ గింజలు వచ్చి చేరతాయి. దానికి ముందే గడ్డి గింజ అక్కడ పడి వేళ్లూనాలి. గ్లూటెన్ కలుపు గింజను ఆపినట్లే మనం చల్లిన గడ్డి గింజనూ ఆపుతుంది కాబట్టి ఆ రెండు పనులూ ఒకే సీజనులో కుదరవు.

అందుకే నేను ఇనుప చీలేటు వైపు మొగ్గుతాను. వెడల్పాకు మొక్కలు ఆ ఇనుమును మోతాదుకు మించి పీల్చుకుని కొన్ని గంటల్లోనే నల్లబడతాయి. గడ్డికి అంత హాని జరగదు, తాత్కాలికంగా ముదురు రంగుకు తిరగవచ్చు, అంతే. ఆ తర్వాత గడ్డి గింజ చల్లడానికి వారాల తరబడి ఆగనక్కర్లేదు. దీని లోపం కూడా దాచను: డాండిలయన్ వేరులో ప్రాణం మిగిలి మళ్లీ చిగురిస్తుంది కనుక మూడు నాలుగు వారాల తేడాతో రెండోసారి కొట్టాల్సి వస్తుంది, అందువల్ల ఇది చవక బేరమేమీ కాదు. కాంక్రీటు మీద పడితే తుప్పు మరకలు కూడా మిగులుతాయి. వెంటనే నీళ్లతో కడగని నా బద్ధకానికి గుర్తుగా మా డ్రైవ్‌వే అంచున ఒక గోధుమరంగు చార ఇప్పటికీ ఉంది.

అందరూ పూలు చూసి వసంతంలో పిచికారీకి పరుగెత్తుతారు గానీ, నాకు కుదిరిన క్రమం వేరు. ఆగస్టు మొదట్లో ఒకసారి, చివరలో మరొకసారి మందు కొట్టి, సెప్టెంబరు మొదటి పక్షంలో పెరెన్నియల్ రైగ్రాస్, కెంటకీ బ్లూగ్రాస్ గింజలు కలిపి చల్లుతాను. అప్పటికి నేల ఇంకా వెచ్చగా ఉండి, ఎండ తగ్గి, రైగ్రాస్ ఇంచుమించు వారంలోనే మొలుస్తుంది. బ్లూగ్రాస్‌కు రెండు మూడు వారాలు పడుతుంది. పచ్చికను 6–8 సెంటీమీటర్ల కంటే పొట్టిగా కోయకుండా ఉంటే ఆ నీడలో కొత్త కలుపు గింజలు మొలవడం కష్టమవుతుంది.

మొత్తం పచ్చికలో పది పన్నెండు డాండిలయన్‌లే ఉన్నవారు మాత్రం ఏ మందూ కొనకండి. వాన కురిసిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు పొడవాటి పారతో తల్లివేరంతా వచ్చేలా పెకిలించి, ఆ గుంటలో చిటికెడు గడ్డి గింజలు వేయండి.