వినతిపత్రమా, కోర్టా, ముందే అభ్యంతరమా: కాలనీ సంఘానికి ఏది మేలు?

రెండో శనివారం మధ్యాహ్నం మా పార్కు స్థలంలోకి జేసీబీ వచ్చింది. ఆఫీసులకు సెలవు, కోర్టుకు సెలవు, సోమవారం పొద్దున దాకా అడిగే దిక్కు లేదు. హైదరాబాద్‌లో ఏ కాలనీ సంఘం వాళ్లను కదిపినా ఇలాంటి శనివారం ఒకటి చెబుతారు. ఆదివారం రాత్రికల్లా రేకుల షెడ్డు లేచింది, చుట్టూ కడీలు పాతేశారు. సోమవారం మేం పదకొండు మందిమి, సంఘం ఆఫీసుగా వాడుకునే మెట్ల కింది గదిలో కూర్చున్నాం. కార్పొరేటర్ దగ్గరికి పోదామన్నారు ఒకాయన. స్టే తెద్దామన్నారు ఇంకొకాయన. మూడో దారి ఉందని ఎవరికీ తోచలేదు. ఉందని, అది ఆ శనివారం కంటే చాలా ముందే పట్టాల్సిన దారి అని తెలిసేసరికి నేను సంఘంలో తొమ్మిదేళ్లు గడిపేశాను.

ఆ మూడు దారులనూ మేం నడిచాం. కొత్తగా సంఘం బాధ్యతలు తీసుకున్నవాళ్లు ఏది మేలని అడుగుతుంటారు కాబట్టి, ఎక్కడ ఏం దొరికింది, ఏం పోయింది అన్నది రాస్తున్నాను.

మొదటిది అర్జీ. అందరికీ తెలిసిందే. సోమవారం ప్రజావాణికి వెళ్లడం, లేదా కార్పొరేటర్ లెటర్‌హెడ్ మీద ఒక సిఫారసు తెచ్చుకోవడం. ఆంధ్రప్రదేశ్‌లోనూ సోమవారమే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. పైగా అక్కడ వార్డు స్థాయిలోనే ప్లానింగ్ కార్యదర్శి అని ఒకరు మనిషి రూపంలో ఎదురుగా ఉంటారు, అది చిన్న సంగతి కాదు. వీధి దీపం, మూత లేని మ్యాన్‌హోల్, చెత్త బండి రాకపోవడం వంటి వాటికి అర్జీని మించింది లేదు. ఖర్చు లేదు, వైరం లేదు.

భూమి సంగతి వచ్చేసరికి అదే అర్జీ నీరుగారిపోతుంది. కారణం చాలాసార్లు అవినీతి కూడా కాదు, కాగితం నడిచే తీరు. పైన ఇచ్చిన దరఖాస్తు 'తగు చర్య నిమిత్తం' అని కిందికి వస్తుంది. మా మొదటి అర్జీ మూడు కార్యాలయాలు తిరిగి, మేం మొట్టమొదట ఏ టేబుల్ దగ్గర నిలబడి కాదనిపించుకున్నామో అదే టేబుల్ మీదికి చేరింది. పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల్లో రేకుల షెడ్డుకు కరెంటు మీటరు వచ్చింది, ఇంటి నంబరు వచ్చింది. ఆక్రమణకు కావలసింది కాలం. మన అర్జీ దానికి కాలాన్ని ఇచ్చింది.

2024 జులైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక అర్జీకి కొత్త బలం వచ్చిన మాట నిజం. ఔటర్ రింగ్ రోడ్డు లోపల పార్కులు, చెరువులు, నాలాల (వాన నీటి కాలువల) మీద ఫిర్యాదు తీసుకుని రోజుల్లోనే మనుషులు వచ్చి చూసిన కాలనీలు ఉన్నాయి. కానీ ఎవరు వచ్చినా మొదట అడిగేది లేఅవుట్ కాపీ, పార్కు స్థలాన్ని స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్. ఆ రెండూ చేతిలో లేకపోతే 'మా చిన్నప్పటి నుంచి ఇది పార్కే' అన్న మాటకు విలువ లేదు. మా దగ్గర లేఅవుట్ కాపీ ఉంది కానీ జిరాక్సుకు జిరాక్సు. సర్వే నంబరులో చివరి అంకె మూడో ఎనిమిదో తెలియదు. ఆ ఒక్క అంకె కోసం నేను తిరిగిన తిరుగుడు ఎవరికీ రాకూడదు.

ఇక కోర్టు. దాన్ని నేను చిన్నచూపు చూడను. ఈ దేశంలో కాలనీవాసులకు పార్కు మీద హక్కు ఉందని గట్టిగా నిలబెట్టింది కోర్టే. బెంగళూరులో పార్కు కోసమని స్కీములో కేటాయించిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశం మీద ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, అక్కడి నివాసులు హైకోర్టుకు వెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు తీర్పులో, పార్కును అలా మార్చే అధికారం ఎవరికీ లేదనీ, అడిగే హక్కు ఆ ప్రాంతంలో ఉండేవాళ్లకు ఉందనీ సుప్రీంకోర్టు తేల్చింది. 'మీకేం సంబంధం?' అని అధికారులు అడిగినప్పుడు మనం నిలబడే నేల అదే.

కానీ గుమ్మం ఎక్కక ముందే రెండు అడ్డంకులు. సంఘం రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందా అన్నది మొదటిది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చాలు సంఘం పెట్టడానికి. ఏటా కార్యవర్గం జాబితా దాఖలు చేస్తూ పోవాలి, దాన్నే మరిచిపోతాం. మాది అంతకు ముందు, నిజాం నాటి ఫస్లీ 1350 చట్టం అమల్లో ఉన్న కాలంలో పెట్టిన సంఘం. పెద్దలు పెట్టారు, పిల్లలు కాగితాలు పట్టించుకోలేదు. అవతలి వకీలు మొదటి వాయిదాలోనే అందుకున్నది ఆ లోపాన్నే. రెండోది తీర్మానం. ఎవరు కేసు వేస్తున్నారో, ఎవరికి సంతకం చేసే అధికారం ఇచ్చారో మినిట్స్ పుస్తకంలో ఉండాలి. తర్వాత రాసుకుందాం అనుకుంటే తర్వాత అన్నది రాదు.

మాకు యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు స్వీట్లు పంచుకున్నాం. యథాతథ స్థితి అంటే షెడ్డు కూడా యథాతథమేనని, మేం పార్కులో ఒక మొక్క నాటాలన్నా కుదరదని నెల తిరిగేసరికి అర్థమైంది. నాలుగేళ్లు ఆ స్థలం అట్లాగే గడ్డి పట్టి పడి ఉంది. పిల్లలు ఆడుకునే వయసు దాటిపోయారు. కేసు గెలిచాం. గెలిచేనాటికి ఆ పార్కు కోసం మొదట పోట్లాడిన తల్లులు సగం మంది ఇళ్లు మారిపోయారు.

చెట్లు, చెరువుల వ్యవహారమైతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండూ చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. అనుమతిని సవాలు చేయడానికి మామూలుగా 30 రోజులే గడువు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతుంటే 2016లో నగరవాసులు అక్కడికి వెళ్లి మధ్యంతర స్టే తెచ్చారు. గొప్ప పని. అయితే 2024లో అదే పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు మరో పేరుతో మళ్లీ ముందుకొచ్చాయి. స్టే పనిని ఆపుతుంది. ఆ రోడ్ల మీద బండ్ల రద్దీకి ఏం చేయాలన్నది స్టేలో ఉండదు, దానికి జవాబు ఇంకెక్కడో వెతకాలి.

మూడో దారి, నేను ఆలస్యంగా నేర్చుకున్నది: పని మొదలు కాకముందు, ఇంకా ఫైలుగా ఉన్నప్పుడే పట్టుకోవడం. నివాస ప్రాంతాన్ని వాణిజ్యంగా మార్చాలన్నా, మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు గీత జరపాలన్నా ముందు ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడగాలి. ఆ ప్రకటన పేపర్లో లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో, సర్వే నంబర్లతో ఉంటుంది. గడువు 15 రోజులే ఉండటం మామూలు. ఎవరూ చదవరు. 'అభ్యంతరాలు ఏమీ రాలేదు' అని ఫైలు మీద రాసుకుంటారు, అది అబద్ధం కూడా కాదు. శివారు కాలనీల వాళ్లు 2013 జనవరిలో ఖాయమైన 2031 మాస్టర్ ప్లాన్‌లో తమ సర్వే నంబరు దేని కింద ఉందో ఒక్కసారి చూసుకున్నా సగం ఆశ్చర్యాలు తప్పేవి.

మా కాలనీకి ఆనుకుని నాలా ఉంది. దాని మీదుగా లింకు రోడ్డు, కల్వర్టు వస్తున్నాయని మా సంఘంలో రిటైరైన సర్వేయరు ఒకాయన ముందే పసిగట్టారు. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజు కట్టి డిజైన్ కాపీ అడిగారు. 30 రోజుల్లో రావాలి, రాలేదు, అప్పీలు వేస్తే వచ్చింది. ఆ చట్టంలో కాగితాలు తీసుకోవడమే కాదు, ఫైలును, జరుగుతున్న పనిని కళ్లతో చూసే హక్కు, వాడుతున్న సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. చాలా సంఘాలకు ఈ సంగతి తెలియదు. గ్రామ నక్షాలో (పాత సర్వే పటంలో) నాలా ఎంత వెడల్పు ఉందో, డిజైన్‌లో ఎంత చూపారో ఆయన పక్కపక్కన పెట్టి గీశారు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 మీటర్లు దాటిన నాలాకు పక్కన 9 మీటర్లు వదలాలి, అంతకు లోపైతే 2 మీటర్లు. డిజైన్‌లో నాలాను సన్నంగా చూపడం వల్ల ఆ 9 కాస్తా 2 అయి కూర్చుంది.

మేం అభ్యంతరం రాశాం. నిజం చెప్పాలంటే దానికి బలం ఇచ్చింది మేం కాదు, దిగువన ఉన్న బస్తీవాళ్లు. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకు ఎంత నీళ్లొచ్చాయో వాళ్ల గోడల మీద గీతలు ఇంకా ఉన్నాయి. వాళ్లను సమావేశానికి పిలవడానికే మా సంఘంలో రెండు వారాలు వాదన జరిగింది. 'వాళ్లది పట్టా కాదు, వాళ్లతో మనకెందుకు' అన్నవాళ్లున్నారు. వచ్చినామె ఒక్కమాట అంది: "నీళ్లొస్తే ముందు మా ఇండ్లకే వస్తయి సారూ. మీకు పొద్దుగాల తెలుస్తది." ఇంజినీర్ల ముందు ఆమె మళ్లీ అదే మాట చెప్పింది. కల్వర్టు వెడల్పు పెంచారు. రోడ్డు ఆగలేదు, ఆగాలని మేం అడగలేదు కూడా. ఒక్క చెట్టు కూలకుండా, ఒక్క వాయిదాకు పోకుండా, తొమ్మిదేళ్లలో మేం సాధించిన అన్నింటికంటే పెద్ద పని అది.

ఈ దారికీ ఓపలేని చోట్లున్నాయి. తెలంగాణలో భవన అనుమతుల కోసం 2020లో తెచ్చిన టీజీ-బీపాస్ చట్టం కింద 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని సొంత ధ్రువీకరణ మీద అనుమతి వెంటనే వచ్చేస్తుంది. పొరుగువాడు అభ్యంతరం చెప్పడానికి ముందు దశ అనేదే లేదు. అనుమతి తర్వాత అధికారులు సరిచూసే 21 రోజులే మనకున్న సందు. పునాది తవ్వుతున్న రోజే సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా) కొలిచి ఫిర్యాదు ఇవ్వాలి, స్లాబు పడ్డాక ఏడ్చి లాభం లేదు. ఇక శనివారం జేసీబీ వస్తే అభ్యంతరం గడువుల గురించి మాట్లాడటం అర్థం లేని పని. అప్పుడు ఫొటోలు, పోలీసు ఫిర్యాదు, సోమవారం పొద్దున్నే కోర్టు.

అసలు కాలనీ సంఘానికి మాట్లాడే అధికారం ఎవరిచ్చారు అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు పెట్టింది, ఒక్కోదానిలో 15 మంది. కాగితం మీద ఇవి కాలనీ సంఘం కంటే మేలైనవే, అద్దెకున్నవాళ్లకూ చోటుంటుంది కాబట్టి. నడిపించే వాళ్లు లేక మూలపడ్డాయి. మా సంఘంలో మాత్రం నిన్నమొన్నటి దాకా ఇంటి యజమానికే ఓటు. ఇరవై ఏళ్లుగా ఇదే వీధిలో ఉంటున్న అద్దె కుటుంబానికి పార్కు గురించి మాట్లాడే హక్కు లేదు, అమెరికాలో ఉండి అద్దె తీసుకునే ఆయనకు ఉంది. ఇది తప్పు. మూలమలుపులో కూరగాయల బండి తీసేయించాలని అర్జీ పెట్టినప్పుడు మేం చేసిందీ తప్పే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం తగ్గకుండా వ్యాపారులుంటారు, కాలనీ సంఘాలకూ అందులో చోటుంది. ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోమని చట్టమే చెబుతుంటే మేం చాటుగా దరఖాస్తు ఇచ్చాం.

కాబట్టి నన్ను అడిగితే, ముందే అభ్యంతరం చెప్పడమే మేలు, అదీ చాలా తేడాతో. అర్జీని రోజువారీ పనులకు ఉంచుకోండి. కోర్టును, ఒకసారి పోతే తిరిగి రానివాటికి ఉంచుకోండి: కొట్టేసిన చెట్టు, పూడ్చేసిన కుంట, రిజిస్ట్రేషన్ అయిపోబోతున్న పార్కు. కానీ మూడో దారిలో నడవాలంటే గొడవ లేని రోజుల్లో పని చేయాలి. అదే కష్టం. గొడవైతే అరవై మంది వస్తారు, లేఅవుట్ సర్టిఫైడ్ కాపీ తెద్దామంటే ఇద్దరే మిగులుతారు.

మా మెట్ల కింది గదిలో ఇప్పుడొక ఇనుప బీరువా ఉంది. అందులో సర్టిఫైడ్ లేఅవుట్ కాపీ, గిఫ్ట్ డీడ్, నక్షా, ఏటా దాఖలు చేసిన కార్యవర్గ జాబితాల రసీదులు, ఇన్‌వార్డ్ ముద్ర పడిన ప్రతి అర్జీ ఉన్నాయి. పేపర్లో ప్రకటనలు చూసే పని నెలకొకరిది, ఈ నెల ఎదురింట్లో అద్దెకుండే అమ్మాయిది. నిన్న సాయంత్రం ఒక కటింగ్ తెచ్చి ఇచ్చింది. మెయిన్ రోడ్డు వైపు ఆరు సర్వే నంబర్లు వాణిజ్యంగా మారుస్తారట. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. ఆదివారం పది గంటలకు కూర్చుంటున్నాం, బస్తీ నుంచి ఇద్దరు, కూరగాయల బండి ఆయన కూడా వస్తానన్నారు.