ఇంటి కంప్యూటర్‌కి ఏ డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ మంచిది? ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మీ కంప్యూటర్‌లో గిరగిరా తిరిగే పాత రకం హార్డ్ డిస్క్ ఉంటే, డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్‌కి, అంటే డిస్క్ మీద ముక్కలుగా చెదిరిన ఫైళ్లను ఒకచోటికి సర్దేదానికి, డబ్బు పెట్టకండి. విండోస్‌తో పాటు వచ్చేది ఒకటి, దానికి తోడు డీఫ్రాగ్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే ఇంటి వాడకానికి చాలు. విండోస్ 7 కాలం నుంచి ఈ రెండిటినీ, ఇంకొన్నిటినీ వాడి చూసి ఈ మాట చెబుతున్నాను. ఎందుకు చాలో, ఎక్కడ చాలవో వివరంగా రాస్తాను.

మాది విజయనగరం. హరికథలు, బుర్రకథలు, ఆకాశవాణిలో వచ్చిన కచేరీలు మా నాన్నగారు టేపు చేసి దాచిన క్యాసెట్లు బీరువా నిండా ఉన్నాయి. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు కదా, ఇలాంటి బీరువాలు ఇక్కడ ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆ క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడమే తీరిక వేళల్లో నా పని. టేపు పాడైతే ఆ గొంతులు మళ్లీ దొరకవు. అందుకే డిస్క్ విషయంలో నేను అంత పట్టుదలగా ఉంటాను.

క్యాసెట్లు రికార్డ్ చేయడానికి వాడేది ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్. అరవై నిమిషాల క్యాసెట్‌ని స్టీరియోలో, అది మామూలుగా వాడే 32 బిట్ పద్ధతిలో ఎక్కిస్తే 1.2 జీబీ దాటుతుంది. 2021లో 3.0 వెర్షన్ వచ్చేదాకా ఆడాసిటీ దీన్ని ఒకే ఫైలుగా రాసేది కాదు. ఇంచుమించు ఒక్కో ఎంబీ ఉండే ఫైళ్లు వెయ్యికి పైగా ఒక ఫోల్డర్‌లో చేరేవి. పాటలు విడగొట్టి, టేపు బుసబుస తగ్గించి, ఎంపీ3 చేసుకుని ప్రాజెక్ట్ తీసేస్తే డిస్క్ మీద ఎక్కడపడితే అక్కడ చిన్న చిన్న ఖాళీలు మిగిలేవి. తర్వాత కాపీ చేసిన పెళ్లి వీడియో ఆ సందుల్లో ఇరుక్కుని ముక్కలయ్యేది. ఇప్పుడు ప్రాజెక్ట్ అంతా ఒకే ఫైలు. అయితే రికార్డింగ్ సాగేకొద్దీ అది పెరుగుతూ పోతుంది కాబట్టి, డిస్క్ నిండుగా ఉంటే ఆ ఒక్క ఫైలే వందల ముక్కలు కావచ్చు.

ముక్కలైతే నష్టమెంత? 7200 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు, డిస్క్‌ని చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం. హెడ్ అటూ ఇటూ జరగడానికి ఇంకో 9 దాకా. అంటే కొత్త ముక్క కోసం వెళ్లిన ప్రతిసారీ 13 మిల్లీసెకన్లు పోతాయి. వెయ్యి ముక్కల ఫైలైతే 13 సెకన్లు ఊరికే పోయినట్టే. ఆడియో ఎడిటింగ్‌లో ముందుకీ వెనక్కీ జరుగుతుంటే ఇది బాగా తెలుస్తుంది. ఉత్తరాలు టైపు చేసుకుని, బ్రౌజర్ తెరిచి మూసే ఇంట్లో దాదాపు తెలియదు. మీ పని ఏమిటో ముందు చూసుకోండి.

విండోస్‌తో వచ్చేదాని గురించి చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. ముక్కలైనవి అందులో చూస్తే సున్నా శాతం, డీఫ్రాగ్లర్‌లో చూస్తే పదిహేను శాతం, ఏది నిజమని టెన్షన్ పడతారు. రెండూ నిజమే, లెక్కపెట్టే తీరు వేరు. విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ 64 ఎంబీ కన్నా పెద్ద ముక్కల్ని లెక్కలోకి తీసుకోవడం మానేసింది. అందులో న్యాయం ఉంది. సెకనుకి 100 ఎంబీ చదివే డిస్క్‌లో 64 ఎంబీ చదవడానికే అర సెకను పైన పడుతుంది. దాని పక్కన 13 మిల్లీసెకన్లు ఏపాటి? సినిమా ఫైలు పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటే దాన్ని ఒకచోటికి చేర్చడానికి గంటలు గంటలు డిస్క్‌ని అరగదీయడం అనవసరం. తెర మీద ముక్కలైన ఫైళ్లను చూపే ఎరుపు గళ్లన్నీ నీలం అయ్యేదాకా కూర్చోబెట్టే సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరైనా చెబితే నమ్మకండి.

విండోస్‌తో వచ్చేదాని లోటల్లా వేళ విషయంలోనే. విండోస్ 7లో అది మామూలుగా బుధవారం రాత్రి ఒంటిగంటకి మొదలయ్యేది. రాత్రి పడుకునే ముందు బోర్డు దగ్గరే స్విచ్ ఆపేసే ఇళ్లు మనవి. ఆ వేళకి కంప్యూటర్ ఎక్కడ వెలుగుతుంది? నేను దాన్ని ఆదివారం మధ్యాహ్నానికి మార్చుకున్నాను. విండోస్ 10లో రోజూనా, వారానికా, నెలకా అనే అడుగుతుంది గానీ గంట ఎంచుకోనివ్వదు. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు తనే చేసుకుంటుంది. కాబట్టి వారానికి ఒక పూట పని లేకపోయినా ఆన్‌లో ఉంచాలి, లేదంటే మనమే ఆప్టిమైజ్ బటన్ నొక్కాలి.

డీఫ్రాగ్లర్‌ని ఇన్నేళ్లుగా ఉంచుకోవడానికి కారణం ఒక్కటే. అది ఒక్క ఫైలుని, ఒక్క ఫోల్డర్‌ని ఎంచుకుని సర్దనిస్తుంది. అనలైజ్ చేయగానే ఏ ఫైలు ఎన్ని ముక్కలైందో జాబితా ఇస్తుంది. వాటిలో నాకు పనున్న హరికథ ప్రాజెక్టుల మీద టిక్ పెడతాను, మిగతావి వదిలేస్తాను. డిస్క్ మొత్తం చేయడానికి పట్టే కాలంలో ఇది చిన్న వంతు. ఉచితం, ఇన్‌స్టాల్ చేయకుండా నడిచే పోర్టబుల్ రకం కూడా ఉంది. సీక్లీనర్ చేసిన పిరిఫార్మ్ వాళ్లదే ఇది. 2018 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, అయినా నా విండోస్ 10లో ఇబ్బంది లేకుండా నడుస్తోంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. సీ డ్రైవ్ మొత్తం సర్దితే పాత సిస్టమ్ రీస్టోర్ పాయింట్లు (కంప్యూటర్‌ని వెనకటి స్థితికి తిప్పడానికి విండోస్ దాచుకునేవి) పోవచ్చు. ఫైలు చోటు మారడాన్ని కూడా విండోస్ కొన్నిసార్లు మార్పుగా లెక్కేసి, వాటికి కేటాయించిన జాగా నింపేస్తుంది. డీఫ్రాగ్లర్ సెట్టింగ్స్‌లో ఉన్న వీఎస్ఎస్ (ఆ పాయింట్లను చూసుకునే విండోస్ భాగం) ఆప్షన్ ఇందుకోసమే.

మన జిల్లాల్లో కరెంటు సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరానికీ, 2018లో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపుకీ రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను లేకపోయినా ఈదురుగాలి వానకి పోతుంది. డీఫ్రాగ్ మధ్యలో కరెంటు పోతే ఫైళ్లన్నీ పోతాయని అందరికీ భయం. ఈ సాఫ్ట్‌వేర్లు ఫైళ్లను జరిపేది విండోస్ ఇచ్చిన దారిలోనే. అది ముందు కొత్త చోట కాపీ చేసి, తర్వాతే చిరునామా మారుస్తుంది. పైగా విండోస్ డిస్క్ మీద ఫైళ్లను అమర్చుకునే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్ తన మార్పుల చిట్టా రాసుకుంటుంది. అందుకని చాలావరకు ఏమీ కాదు. అయినా యూపీఎస్ లేకుండా నేను మొదలుపెట్టను. యూపీఎస్ కూత పెట్టగానే స్టాప్ నొక్కితే తొందరగా ఆగాలి. నేను దగ్గరుండి చూసిన ప్రతిసారీ విండోస్‌దీ, డీఫ్రాగ్లరూ రెండూ అలాగే ఆగాయి.

కొన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లు వేసిన వారంలోనే తీసేశాను. పేర్లెందుకు గానీ లక్షణాలు చెబుతాను. ఇన్‌స్టాల్ చేస్తుంటే బ్రౌజర్ మార్చమని, ఇంకేదో క్లీనర్ వేసుకోమని అడుగుతాయి. వేశాక గడియారం పక్కన కూర్చుని రోజూ ఎర్ర అక్షరాలతో భయపెడతాయి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో వందల తప్పులున్నాయంటాయి, బాగు చేయమంటే డబ్బు కట్టమంటాయి. డిస్క్ సర్దే పనికి రిజిస్ట్రీతో సంబంధమే లేదు.

డబ్బు పెట్టి కొనేవాటిలో ఓ అండ్ ఓ డీఫ్రాగ్, పర్ఫెక్ట్‌డిస్క్ రెండూ ట్రయల్‌లో వాడాను. మంచి పనితనం ఉన్నవి. తరచు వాడే ఫైళ్లని డిస్క్ వేగంగా చదివే బయటి చుట్లకి జరుపుతాయి, మెమరీ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్ ఫైలుని విండోస్ మొదలవ్వకముందే సర్దుతాయి. ఆఫీసు సర్వర్‌కి ఆలోచించవచ్చు. ఇంట్లో పేజ్ ఫైలు ముక్కలైతే దాన్ని తాత్కాలికంగా ఆపి, డిస్క్ సర్ది, స్థిరమైన సైజుతో మళ్లీ పెట్టుకుంటే అదే ఫలితం పైసా ఖర్చు లేకుండా వస్తుంది.

వీటన్నిటికన్నా ముందు వేయాల్సింది డిస్క్ ఆరోగ్యం ఎలా ఉందో చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఉండే మా బావ కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని, డీఫ్రాగ్ చేస్తే సరిపోతుందని రిపేరు షాపులో చెప్పారట.

“నువ్వు చేసీ బావా, రేపు ఆదివారమే కదా” అన్నాడు.

వెళ్లి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే పసుపు రంగులో కాషన్ చూపించింది. చదవలేకపోతున్న సెక్టార్లు (డిస్క్ మీది చిన్న చిన్న గడులు) పెండింగ్‌లో ఉన్నాయి. అలాంటి డిస్క్‌ని డీఫ్రాగ్ చేయడమంటే ఉన్న ఫైళ్లలో చాలావాటిని లేపి మళ్లీ రాయించడం, చావుకి దగ్గరైన డిస్క్‌కి ఆ పని అప్పజెప్పకూడదు. డీఫ్రాగ్ మాట పక్కనపెట్టి పిల్లల ఫొటోలు ముందు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించాం. కాషన్ కనిపిస్తే ఎవరైనా ఇదే చేయాలి.

ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకి ఈ గొడవే లేదు. దానిలో తిరిగేదీ జరిగేదీ లేదు కాబట్టి ముక్కలైనా చదివే వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాదు, పైగా రాసేకొద్దీ దాని ఆయుష్షు ఖర్చవుతుంది. విండోస్ 8 నుంచి ఆప్టిమైజ్ నొక్కినా ఎస్ఎస్‌డీకి ముఖ్యంగా ట్రిమ్ (తీసేసిన ఫైళ్ల జాగా ఖాళీ అని చెప్పే ఆదేశం) పంపుతుంది. దాన్ని ఆపకండి. ఇప్పుడు నా సీ డ్రైవ్ ఎస్ఎస్‌డీ, క్యాసెట్ల ఖజానా మాత్రం 1 టీబీ హార్డ్ డిస్క్‌లోనే ఉంది. డీఫ్రాగ్లర్ దాని మీదే పని చేస్తుంది.

పెద్ద సైజు డిస్క్ కొత్తగా కొనేవాళ్లు ఒకటి కనుక్కోండి. చవకగా వచ్చే చాలా డిస్క్‌లు ఎస్ఎంఆర్ రకం. వాటిలో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒకచోట మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి, కాబట్టి డీఫ్రాగ్ విసుగెత్తేంత నెమ్మదిగా సాగుతుంది. అలాంటి డిస్క్ చెల్లాచెదురైతే ఏ సాఫ్ట్‌వేరూ వద్దు. మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, కొన్ని ఫైళ్లు తెరిచి సరిగ్గా వచ్చాయో లేదో చూసుకుని, పాతది ఫార్మాట్ చేసి వెనక్కి ఎక్కించండి. ఫైళ్లన్నీ వరసగా కూర్చుంటాయి, చేతిలో బ్యాకప్ ఒకటి మిగులుతుంది.