ఎస్‌బీఎస్‌లో యూరోవిజన్: పొద్దున లైవ్‌కి నాలుగు స్టార్లు, మన పాటని ఎంచుకునే పద్ధతికి ఒకటే

యూరోవిజన్ అంటే యూరప్ దేశాల పాటల పోటీ కదా, అందులో ఆస్ట్రేలియాకి ఏం పని? ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎవరైనా మొదట అడిగేది ఇదే. ఎస్‌బీఎస్ చానెల్ 1983 నుంచి ఈ పోటీని ఇక్కడ చూపిస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు తమ పాత దేశం కోసం చూసేవి, తర్వాత వాళ్ళ పిల్లలకీ పక్కింటివాళ్ళకీ కూడా అలవాటైపోయింది. 2014లో కోపెన్‌హాగన్‌లో జెస్సికా మాబోయ్‌ని అతిథిగా పిలిచి పాడించారు. 2015లో పోటీకి అరవయ్యో ఏడు అని చెప్పి ఆస్ట్రేలియాని ఏకంగా పోటీలోకే పిలిచారు, అదీ ఆ ఒక్కసారికే అన్నారు. గై సెబాస్టియన్ వెళ్ళి అయిదో స్థానం తెచ్చాడు. చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళం అక్కడే సెటిలైపోయాం.

ఈ రివ్యూ ఒక పాట గురించో ఒక సింగర్ గురించో కాదు. ప్రతి మే నెలలో ఎస్‌బీఎస్ మనకి ఇచ్చే మొత్తం ప్యాకేజీ గురించి, అంటే రెండు సెమీఫైనల్స్, ఫైనల్, కామెంటరీ, కావాలన్నప్పుడు ఆన్‌లైన్‌లో చూసుకునే ఆన్ డిమాండ్‌లో రిపీట్లు, అన్నిటికన్నా ముందు అక్కడికి పంపే మన పాట. 2025 దాకా వచ్చిన సీజన్లని బట్టి రాస్తున్నా. డబ్బు కట్టక్కర్లేదు, ఆన్ డిమాండ్‌లో చూడాలంటే ఒక అకౌంట్ చేసుకుంటే చాలు. యాడ్స్ ఉంటాయి, అది ముందే చెప్పేస్తున్నా, పబ్లిక్ చానెలే అయినా ఎస్‌బీఎస్‌కి యాడ్స్ ఉంటాయి కాబట్టి తర్వాత తిట్టుకోవద్దు.

ముందు టైమింగ్ సంగతి. యూరప్‌లో శనివారం రాత్రి తొమ్మిదికి మొదలయ్యే ఫైనల్ మనకి సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి పడుతుంది. అడిలైడ్‌లో నాలుగున్నర, పెర్త్‌లో అయితే మరీ మూడింటికి. నిద్ర చెడగొట్టుకోలేనివాళ్ళ కోసం అదే రోజు సాయంత్రం మళ్ళీ వేస్తారు, చాలామంది ఇళ్ళలో పార్టీలు పెట్టుకునేది దానికే. పిల్లలతో హాయిగా చూడొచ్చు, తిండి ముందుపెట్టుకుని చూడొచ్చు, అంతా బాగానే ఉంటుంది. కానీ నా లెక్కలో అది సగం షోనే. ఎందుకంటే మన ఓటు చెల్లేది పొద్దున లైవ్‌లో మాత్రమే. పైగా సాయంత్రం దాకా ఫోన్ ముట్టుకోకుండా ఉండగలిగితేనే రిజల్ట్ తెలియకుండా ఉంటుంది, అది ఎవరివల్లా కాదు, ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పుణ్యాత్ముడు బ్రేక్‌ఫాస్ట్ టైమ్‌కే విన్నర్ ఫోటో పెట్టేస్తాడు. పాయింట్లు ఒక్కొక్కటే చదువుతూ టెన్షన్ పెట్టే భాగమే ఈ షోకి ప్రాణం. రిజల్ట్ తెలిశాక అది చూడటం ఉత్త కాలక్షేపం.

ఓటు గురించి ఇంకో విచిత్రం. ఏ దేశంవాళ్ళు ఆ దేశానికి ఓటు వేయకూడదు, కాబట్టి ఇక్కడ కూర్చుని ఆస్ట్రేలియాకి మనం ఒక్క ఓటు కూడా వేయలేం. 2023 నుంచి పోటీలో లేని దేశాలవాళ్ళు కూడా ఆన్‌లైన్‌లో ఓటు వేసే వీలు పెట్టారు, అలా ప్రపంచం మొత్తం నుంచి వచ్చే ఓట్లని కలిపి ఒక దేశం పాయింట్లుగా లెక్కేస్తారు. అంటే మెల్‌బోర్న్‌లో ఉన్న అన్నయ్యకి లేని అవకాశం హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఉందన్నమాట. క్రెడిట్ కార్డు ఒకటి ఉంటే సరి.

కామెంటరీ మీద పెద్దగా గొడవ లేదు. జూలియా జెమీరో, శామ్ పాంగ్ జంట 2016 దాకా చేశారు, నాకు వాళ్ళే ఇష్టం, వెటకారం ఉండేది కానీ పాట మొదలయ్యాక నోరు మూసుకునేవాళ్ళు. ఆ తర్వాత మిఫ్ వార్‌హర్స్ట్, జోయల్ క్రీసీ. 2025లో టోనీ ఆర్మ్‌స్ట్రాంగ్, కోర్ట్‌నీ యాక్ట్ వచ్చారు, కొత్త జంట కాబట్టి ఇంకా కుదురుకోవాలి. కొత్తగా చూసేవాళ్ళకి ఏ దేశం ఏ దేశానికి ఎందుకు పాయింట్లు ఇస్తుందో వీళ్ళు విడమరిచి చెప్పడం బాగుంటుంది.

ఇక అసలు విషయం. ఆస్ట్రేలియా పదేళ్ళ రికార్డు ఒక్క ముక్కలో చెప్పాలంటే, జ్యూరీకి ముద్దు, జనానికి చేదు. ఫైనల్లో ప్రతి దేశం నుంచి సంగీతం తెలిసిన జ్యూరీ ఒకటి పాయింట్లు ఇస్తుంది, ఆ దేశం ప్రేక్షకులు వేరేగా ఇస్తారు. 2016 స్టాక్‌హోమ్ ఫైనల్ ఆన్ డిమాండ్‌లో దొరికినా, యూట్యూబ్‌లో దొరికినా వదలకండి. మన సింగర్ డామీ ఇమ్ మెరుపుల గౌన్‌లో ఒక ఎత్తయిన దిమ్మ మీద కూర్చునే పాట మొదలుపెట్టింది, స్టేజీ మీద డాన్సర్లు లేరు, మంటలు లేవు, ఆవిడ చెయ్యి కదిలిస్తే గాల్లో బొమ్మలు కదిలే ఒక గ్రాఫిక్ తప్ప ఇంకేం లేదు. మొత్తం గొంతుతో లాక్కొచ్చింది. జ్యూరీ పాయింట్లు అన్నీ వచ్చేసరికి 320తో అందరికన్నా పైన ఆస్ట్రేలియానే ఉంది. జనం పాయింట్లని వేరుగా, తక్కువ వచ్చినవాళ్ళ నుంచి మొదలుపెట్టి చదవడం ఆ ఏడాదే మొదలైంది, కాబట్టి చివరి నిమిషం దాకా గుండె చేత్తో పట్టుకునే కూర్చోవాలి. జనం 191 ఇచ్చారు, మొత్తం 511. ఉక్రెయిన్ నుంచి వచ్చిన జమాలాకి 534. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. తమాషా ఏంటంటే జ్యూరీ లెక్కలో ఉక్రెయిన్ మొదటి స్థానంలో లేదు, జనం లెక్కలోనూ లేదు, అక్కడ రష్యా మొదటిది. రెండు చోట్లా రెండోదిగా ఉండి కప్పు పట్టుకుపోయింది.

191 అంటే తక్కువేం కాదు. అసలు బాధ తర్వాతి ఏళ్ళలో. 2017లో ఐజయా ఫైర్‌బ్రేస్‌కి జ్యూరీలు 171 పాయింట్లు ఇస్తే జనం ఇచ్చినవి రెండు. రెండు వందలు కాదు, రెండే. అయినా జ్యూరీ పుణ్యమా అని తొమ్మిదో స్థానం. 2018లో లిస్బన్‌కి జెస్సికా మాబోయ్ మళ్ళీ వెళ్ళింది, ఈసారి పోటీలో, జ్యూరీ 90, జనం 9. 2022లో షెల్డన్ రైలీకి జ్యూరీ 123, జనం మళ్ళీ అదే రెండు. గ్రీస్‌కి సైప్రస్ ఉంది, నార్డిక్ దేశాలకి ఒకళ్ళకొకళ్ళు ఉన్నారు, యూరప్ అంతా చెదిరి బతుకుతున్న వలస జనం వాళ్ళ వాళ్ళ దేశాలకి ఫోన్లు కొడతారు. మనకి పక్కదేశం అంటే న్యూజిలాండ్, అది పోటీలోనే లేదు. లండన్‌లో ఆస్ట్రేలియన్లు బోలెడంతమంది ఉన్నారు గానీ ఒక్క బ్రిటన్ పాయింట్లతో ఒరిగేదేముంది.

పక్కదేశాలు లేకపోవడమే కారణం అని సరిపెట్టుకుందామంటే 2019 ఒప్పుకోదు. టెల్ అవీవ్‌లో కేట్ మిల్లర్-హైడ్కీ. ఒపెరా నేర్చుకున్న గొంతు, బిడ్డ పుట్టాక వచ్చే డిప్రెషన్ గురించి రాసుకున్న పాట, దాన్ని ఆవిడ పాడింది నేల మీద నిలబడి కాదు, వంగే పొడవాటి కర్ర చివర నిలబడి. అటూ ఇటూ ఇంకో ఇద్దరు అలాంటి కర్రల మీదే ఊగుతుంటారు, వెనక తెర మీద భూగోళం, ముగ్గురూ శూన్యంలో తేలుతున్నట్టే కనిపిస్తారు. ఒక క్షణంలో ఆవిడ కెమెరా మీదకి వాలిపోయి అదే ఊపులో హై నోట్ అందుకుంటుంది, అదీ లైవ్‌లో. సెమీఫైనల్ ఆవిడే గెలిచింది, ఫైనల్లో జనం 131 పాయింట్లు ఇచ్చారు. చూడటానికి ఏదైనా ఉంటే చుట్టరికం లేకపోయినా ఓటు పడుతుంది. చక్కగా పాడే అబ్బాయిని చక్కని సూట్‌లో నిలబెడితే జ్యూరీ మెచ్చుకుంటుంది, ఇంట్లో కూర్చున్నవాడు ఇరవయ్యారు పాటల్లో వాడిని మర్చిపోతాడు.

2023లో రూల్ మారింది, మన కష్టాలు అక్కడే మొదలయ్యాయి. సెమీఫైనల్స్‌లో జ్యూరీని తీసేసి మొత్తం జనం ఓటుకే వదిలేశారు. అంటే మనల్ని ఇన్నాళ్ళు కాపాడిన చెయ్యి సెమీలో లేకుండా పోయింది. ఆ మొదటి ఏడాది పెర్త్ బ్యాండ్ వాయేజర్ దర్జాగా గట్టెక్కింది, సింథ్ పాప్‌తో మొదలై మెటల్ అరుపుల్లోకి వెళ్ళే పాట, సెమీని గెలిచేసింది కూడా. కానీ ఫైనల్లో పెద్ద పెద్ద ఫేవరెట్లు చేరేసరికి జనం ఓట్లు వాళ్ళకే పోయాయి, వాయేజర్‌కి దక్కినవి 21, మళ్ళీ జ్యూరీ 130 ఇచ్చి తొమ్మిదో స్థానంలో కూర్చోబెట్టింది. 2024లో మాల్మోకి అడిలైడ్ జంట ఎలక్ట్రిక్ ఫీల్డ్స్ వెళ్ళారు, యాంకునిట్జాట్జారా అనే ఆదివాసీ భాషలో కొన్ని వాక్యాలు, పక్కన ఆదివాసీల ఊదే వాద్యం డిజరిడూ, నాకు ఎంతో గర్వంగా అనిపించిన ఎంట్రీ. సెమీలోనే ఆగిపోయింది, పది మంది ఫైనల్‌కి వెళ్తే మనది పదకొండు. 2025లో బాసెల్‌కి గో-జో, మిల్క్‌షేక్ పాట, సరదా సరదాగా ఉంది, హాల్లో జనం ఎగిరారు కూడా. అదీ పదకొండే. 2026 పోటీకి సెమీల్లోకి జ్యూరీని మళ్ళీ తెచ్చారు, ఒక్కొక్కరు వేయగలిగే ఓట్లని కూడా ఇరవై నుంచి పదికి తగ్గించారు. ఆస్ట్రేలియాలాంటి దేశానికి ఇంతకన్నా మంచి వార్త ఉండదు.

నా అసలు ఫిర్యాదు వేరే. 2019లో గోల్డ్ కోస్ట్‌లో ఆస్ట్రేలియా డిసైడ్స్ అని ఒక షో పెట్టి, జనం ఓటు, జ్యూరీ ఓటు కలిపి పాటని ఎంచుకున్నారు. కేట్ వచ్చింది అందులోంచే. 2020లో జరిగింది, 2022లో జరిగింది, తర్వాత ఆపేశారు. ఇప్పుడు తలుపులు వేసుకుని లోపలే ఎంపిక చేసి, ఒకరోజు పేరు చెప్పేస్తారు. ఖర్చు ఎక్కువ, అర్థం చేసుకోగలను. కానీ జనం ఓటుతో గెలవాల్సిన పోటీకి, జనానికి ఒక్కసారి కూడా చూపించకుండా పాటని పంపడం ఏం లెక్క? ఇక్కడి జనం ముందు పరీక్ష పెడితే కనీసం ఏది పేలుతుందో ఏది తుస్సుమంటుందో ఫిబ్రవరిలోనే తెలిసేది. లోపల ఎంపిక చేసినా వాయేజర్ లాంటిది వచ్చింది కదా అంటారు. వచ్చింది, అయితే వాళ్ళు 2022లో ఆ గోల్డ్ కోస్ట్ షోలో పాడి జనం ఓటులో మొదట నిలిచినవాళ్ళే, ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

మాంటేన్ అనే సింగర్‌ గురించి కూడా చెప్పకుండా వదిలేయడం అన్యాయం. 2020లో ఎంపికైంది, కోవిడ్‌తో పోటీ రద్దు. 2021లో మళ్ళీ అవకాశం ఇచ్చారు, అప్పుడు రోటర్‌డామ్‌కి వెళ్ళడం కుదరలేదు, ఇక్కడ రికార్డ్ చేసిన వీడియోనే అక్కడ వేశారు. ఆ సెమీలో మిగతా అందరూ హాల్లో జనం ముందు పాడుతుంటే మధ్యలో మనది మాత్రం వీడియో. ఆస్ట్రేలియా ఫైనల్‌కి వెళ్ళకపోవడం అదే మొదటిసారి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇంకో సంగతి. ఒకవేళ ఆస్ట్రేలియా గెలిస్తే తర్వాతి ఏడాది పోటీ సిడ్నీకి వస్తుందని ఆశపడకండి, యూరప్‌లోనే ఒక చానెల్‌తో కలిసి అక్కడి నగరంలోనే జరపాలన్నది ముందే ఉన్న ఒప్పందం.

నా సలహా అడిగితే, ఒక్క పొద్దుటే త్యాగం చేయగలిగేటట్టయితే ఫైనల్ కన్నా ఆస్ట్రేలియా పాడే సెమీఫైనల్ చూడండి. ఫైనల్ ఎలాగూ ఆదివారం, సాయంత్రం రిపీట్ చూసినా సర్దుకోవచ్చు. సెమీలో పాటలు తక్కువ, రెండు గంటల్లో అయిపోతుంది, చివర పది పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే మన పేరు వస్తుందా రాదా అన్న ఉత్కంఠ ఇంకెక్కడా దొరకదు. చిక్కల్లా అవి బుధవారం, శుక్రవారం పొద్దున పడటమే, ఆఫీసులున్న రోజులు. ఏ సెమీలో మనం ఉన్నామో డ్రాలో మామూలుగా జనవరికే తేలిపోతుంది, లీవ్ అప్పుడే పెట్టేసుకోండి.