వీబ్యాక్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మొదటిది సిజేరియన్ అయినా రెండోది నార్మల్ చేయిస్తామంటూ ఊరూరా ‘వీబ్యాక్ ప్యాకేజీలు’ అమ్ముతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లే, కాబట్టి ఆశపడే తల్లులకు కొదవ లేదు. యోగా క్లాసులు, వ్యాయామానికి పెద్ద బంతి, డైట్ చార్టు అన్నీ ఇస్తారు. 37వ వారం రాగానే స్కాన్‌లో ‘గర్భసంచి మీది పాత కుట్టు పల్చబడింది’ అని ఆపరేషన్‌కి తేదీ రాస్తారు. కట్టింది వెనక్కి రాదు, సిజేరియన్ బిల్లు వేరే.

మాయ అడ్డంగా ఉండటం లాంటి అసలు కారణాలుంటే ఆపరేషనే మేలు. కానీ కుట్టు మందం ఇన్ని మిల్లీమీటర్ల కంటే తగ్గితే చిట్లుతుందని తేల్చి చెప్పే కొలత ఏదీ లేదు. ఆ ఒక్క అంకెతో భయపెడితే ఇంకో డాక్టరుకి చూపించండి. గ్యారంటీ అన్నవాళ్లనీ నమ్మొద్దు: అర్హత ఉండి ప్రయత్నించినా నార్మల్ అయ్యేది నలుగురిలో దాదాపు ముగ్గురికే.

మీరు నిజంగా డబ్బు పెట్టాల్సింది క్లాసులకు కాదు, నొప్పులు వచ్చే ఆ రాత్రికి. గర్భసంచి మీద ఒక్క అడ్డకోత ఉన్నవాళ్లలో సుమారు 200 మందిలో ఒకరికి పాత కుట్టు విచ్చుకుంటుంది. అప్పుడు బిడ్డకు నిమిషాలే ఉంటాయి. అందుకే అడగండి: రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే ఇంటి నుంచి వస్తారా? నా గ్రూపు రక్తం సిద్ధంగా ఉంటుందా? నొప్పులు మొదలైనప్పటి నుంచి పొట్టకు బెల్టులు కట్టి, బిడ్డ గుండె చప్పుడును కాగితం మీద గీసే సీటీజీ ఆపకుండా తీస్తారా, గంటకోసారి వచ్చి పెట్టి పోతారా? చాలాసార్లు కుట్టు విచ్చుకుంటోందనే మొదటి సూచన ఆ కాగితం మీదే, బిడ్డ గుండె గీత పడిపోవడంలోనే కనిపిస్తుంది. జవాబు నసిగితే అక్కడ కట్టకండి.

నొప్పులు తెప్పించడానికి మిసోప్రోస్టాల్ మాత్ర పెడతామంటే ఒప్పుకోవద్దు. అది 25 మైక్రోగ్రాముల చిన్న మాత్రే, కానీ పాత కుట్టు ఉన్న గర్భసంచిని అతిగా బిగిస్తుంది. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్‌తోనూ కుట్టు విచ్చుకునే ప్రమాదం రెండు మూడింతలవుతుంది, అవసరమేంటో అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఆముదం తాగడం అసలే వద్దు.

పొట్ట మీద మచ్చ అడ్డంగా ఉందని లోపల కోతా అడ్డమే అనుకోకండి. గర్భసంచి పైభాగంలో నిలువుగానో, తలకిందుల ‘టీ’ లాగానో కోసి ఉంటే ఈ ప్రయత్నమే కూడదు. అది పాత ఆపరేషన్ నోట్సులోనే తెలుస్తుంది. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆసుపత్రివాళ్లు దాచి ఉంచాల్సింది మూడేళ్లే కనుక ఇవాళే అడగండి.

అన్నీ కుదిరి కడుతుంటే, ఆపరేషన్ అయితే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కుట్టు దగ్గర పోటు తగ్గకపోయినా, రక్తం కనిపించినా, వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోయినా ఫోన్ చేస్తూ కూర్చోకండి, బయల్దేరండి.